క్రిస్టీన్‌ని తీసేస్తే ఏమవుద్ది? - నాటకాల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల నార్వే నాటక రచయిత ఇబ్సెన్ మీద నాలుగు మాటలు రాశాం కదా, ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఆయన ‘ఎ డాల్స్ హౌస్’ మీదే, అందులోనూ నాయిక నోరా మీద తక్కువ, ఆమె స్నేహితురాలు క్రిస్టీన్ లిండె మీద ఎక్కువ. నాకు భలే సంతోషమేసింది. ఆ నాటకం గురించి మాట్లాడేవాళ్ళందరూ చివర్లో నోరా తలుపేసి వెళ్ళిపోవడం దగ్గరే ఆగిపోతారు, ఆ తలుపు దాకా ఆమెని తీసుకొచ్చిన మనిషిని మాత్రం ఎవరూ తలుచుకోరు.

ప్రశ్న: మేము కందుకూరులో చిన్న నాటక సమాజం నడుపుకుంటన్నామండీ, అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే. ఈసారి పరిషత్తు కోసం ‘ఎ డాల్స్ హౌస్’ని ఒంగోల్లో జరిగే సంసారంగా మార్చి గంట నాటిక చేద్దామనుకున్నాం. మొగుడు బ్యాంకు మేనేజరు, పెళ్ళాం గుట్టుగా చేసిన అప్పు, అప్పిచ్చినోడి బెదిరింపు, ఆఖర్న ఆమె ఇల్లు వదిలి పోవడం, ఇక్కడిదాకా బానే కుదిరింది. చిక్కల్లా ఆ స్నేహితురాలి పాత్రతోనే. ఇద్దరు లేడీ ఆర్టిస్టుల్ని బయట నుంచి పిలిపించే స్తోమత మాకు లేదు, టైమూ చాలదు. ఆమె చేసేదేముంది, నోరా చెప్పేది వినడమే కదా, అదేదో ఫోన్లో చెప్పించేసి పాత్ర తీసేద్దాం అంటుండాడు మా డైరెక్టరు. మీరేమంటారు? (ఒక పాఠకుడు, కందుకూరు)

జవాబు: తీసెయ్యొద్దండీ, దయచేసి తీసెయ్యొద్దు. మీ డైరెక్టర్ గారికి కోపమొచ్చినా సరే చెప్తున్నా, ఆమెని తీసేస్తే మీ చేతిలో మిగిలేది ఒక బ్లాక్‌మెయిల్ కథ, అట్టాంటిది రోజూ రాత్రి టీవీలో చూస్తానే ఉన్నాం.

చదవనివాళ్ళ కోసం ముందు కథ రెండు ముక్కల్లో చెప్తా. 1879 డిసెంబర్ 4న కోపెన్‌హాగెన్‌లో అచ్చయి, అదే నెల 21న అక్కడి రాయల్ థియేటర్లో మొదటిసారి ఆడిన నాటకం ఇది. నార్వేలో ఒక మధ్యతరగతి ఇల్లు, అది క్రిస్మస్ ముందురోజు. ఇంటాయన హెల్మర్‌కి కొత్త సంవత్సరం నుంచి బ్యాంకు మేనేజరు ఉద్యోగం. పెళ్ళైన కొత్తల్లో ఆయనకి జబ్బు చేస్తే ఇటలీ తీసుకుపోయి బతికించుకోడానికి భార్య నోరా ఆయనకి తెలీకుండా క్రోగ్‌స్టాడ్ అనే లాయరు దగ్గర అప్పు చేసింది, హామీగా వాళ్ళ నాన్న సంతకం తనే పెట్టేసింది. నాన్న పోయింది సెప్టెంబర్ 29న, అప్పు నోటు మీద ఆ సంతకం కింద తేదీ చూస్తే అక్టోబర్ 2. పోయినాయన మూడు రోజుల తర్వాత సంతకం ఎట్టా పెట్టాడు అన్నదే క్రోగ్‌స్టాడ్ చేతిలో ఉన్న ఆయుధం.

ఇప్పుడు క్రిస్టీన్ సంగతి. మొగుడు చనిపోయి మూడేళ్ళు, పిల్లల్లేరు, ఆయన మిగిల్చి పోయింది ఏమీ లేదు, కనీసం తలుచుకుని ఏడవడానికి కూడా ఏమీ మిగల్లేదని ఆమే చెప్పుకుంటది. మంచాన పడ్డ తల్లినీ ఇద్దరు తమ్ముళ్ళనీ సాకడానికి చిన్న కొట్టు పెట్టింది, పిల్లలకి చదువు చెప్పింది, ఏది దొరికితే అది చేసింది. ఇప్పుడు తల్లి పోయింది, తమ్ముళ్ళు రెక్కలొచ్చి ఎవరి బతుకు వాళ్ళు చూసుకున్నారు. చలికాలంలో ఓడెక్కి వచ్చింది నోరాని పలకరించడానికి కాదండీ, ఉద్యోగం వెతుక్కోడానికి. పాత్ర మొత్తానికి ప్రాణం ఇదే. ఆమె తన అవసరం మీద తను వచ్చింది.

మీ డైరెక్టర్ గారన్నట్టు ఆమె మొదటి పని వినడమే, నిజమే. నాయిక మనసులో మాట ప్రేక్షకులకి చేరాలంటే ఎవరో ఒకరితో చెప్పించాలి, అందుకని స్నేహితురాల్నో దాసీనో పక్కన నిలబెట్టడం అప్పటి ఫ్రెంచి నాటకాల్లో మామూలు పద్ధతి, ఇబ్సెన్ 1851 నుంచి బెర్గెన్ థియేటర్లో పనిచేసిన రోజుల్లో అట్టాంటి నాటకాలు ఎన్నో ఆడించాడు కాబట్టి ఆ కిటుకు ఆయనకి బాగా తెలుసు. కానీ ఆయన దాన్ని అట్టాగే వాడలేదు. నోరా ముందు ఎచ్చులు చెప్తుంది, మా ఆయనకి పెద్ద ఉద్యోగం వచ్చింది, ఇంక డబ్బుకి కొదవ లేదు అని. క్రిస్టీన్ నవ్వి, నువ్వింకా చిన్నపిల్లవే నోరా, కష్టమంటే నీకేం తెలుసు అన్నట్టు మాట్లాడుతుంది. ఆ మాట నోరాకి గుచ్చుకుంటుంది. నాకు తెలీదా కష్టం, మా ఆయన్ని బతికించింది నేనే, ఆ డబ్బు తెచ్చింది నేనే అని కక్కేస్తుంది. చూశారా, ప్రేక్షకులకి విషయం చెప్పడం కోసం చెప్పినట్టు ఎక్కడా ఉండదు, పౌరుషం కొద్దీ బయటపడుతుంది. ఫోన్లో అయితే ఆ పౌరుషం ఎక్కడొస్తుందండీ? వెలిసిపోయిన బట్టల్లో, ప్రయాణపు అలసటతో ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఉంటేనే, తన కొత్త సరుకుల పొట్లాల మధ్య నిలబడ్డ నోరాకి తనూ కష్టపడ్డానని నిరూపించుకోవాలనిపిస్తుంది.

అసలు ముడి ఇంకోటుంది. హెల్మర్ క్రిస్టీన్‌కి బ్యాంకులో ఉద్యోగం ఇస్తాడు, అది ఎవరి సీటనుకున్నారు? క్రోగ్‌స్టాడ్‌ది. అతను ఆ బ్యాంకులోనే చిన్న ఉద్యోగి, అతన్ని తీసేసి ఆ తావులో ఈమెని పెడతాడు. క్రోగ్‌స్టాడ్ వచ్చి, లిండె గారికి బ్యాంకులో ఉద్యోగం వస్తుందంటగా అని మెల్లగా అడుగుతాడు, నోరా గర్వంగా అవును, నేనే చెప్పి ఇప్పించా అంటుంది. అట్టయితే మీ మాటకి విలువుందన్నమాట, నా ఉద్యోగం కూడా మీరే కాపాడండి, లేదంటే ఆ నోటు బయటపెడతా అంటాడు. స్నేహితురాలికి చేసిన మేలే ఆమె మెడకి చుట్టుకుంది. క్రిస్టీన్ ఆ ఊరు రాకపోతే నోరా మాటకి హెల్మర్ దగ్గర ఎంత చెల్లుబాటుందో క్రోగ్‌స్టాడ్‌కి తెలిసే దారే లేదు, ఆ సీటు అంత తొందరగా ఇంకొకరికి పోయేదీ కాదు. ఆమె ఎవరికీ చెడు చెయ్యాలనుకోలేదు, ఉద్యోగం కావాలనుకుంది, అంతే, దాంతోనే ఇల్లంతా అంటుకుంది. దీన్ని ఫోన్లో ఎట్టా పెడతారు?

కుదించాలంటే వేరే దారులున్నయ్. ఆయాని, పనిమనిషిని తీసెయ్యండి, పిల్లలు లోపల్నుంచి వినపడితే చాలు. ఆ ఇంటి స్నేహితుడు డాక్టర్ రాంక్‌ని తీసెయ్యమని చెప్పడానికి నాకు మనసు ఒప్పడం లేదు, కానీ గంటలో అయితే తప్పదు. రెండో అంకంలో నోరా అతన్ని డబ్బు సాయం అడగబోతుంటే అతను తన ప్రేమ సంగతి చెప్పేస్తాడు, దాంతో ఆమె ఇంక అడగలేకపోతుంది, అంటే అతను కథలో ఒక దారిని మూసేసే మనిషి. ఆ దారి మీరు మొదట్నుంచీ తెరవకపోతే మూసేవాడు లేకపోయినా నడుస్తుంది. క్రిస్టీన్ సంగతి అట్టా కాదు.

రెండో లేడీ ఆర్టిస్ట్ గురించి ఒక మాట. నోరాకి డాన్సు ఉంది, ఏడుపుంది, అరుపుంది, ఆమెని బయట నుంచి పిలిపించండి. క్రిస్టీన్‌కి కావాల్సింది నిదానం, గొంతు పెంచకుండా మాట్లాడటం. మీ ఊళ్ళో రిటైరైన టీచరమ్మో, లైబ్రరీలో పనిచేసే అమ్మాయో ఒప్పుకుంటే నెల రోజుల రిహార్సల్స్‌తో చెయ్యగలరు, నిజంగా కష్టపడి సంసారం ఈదిన ఆడమనిషి అయితే ఇంకా మంచిది, స్టేజీ అనుభవం లేకపోయినా ఏం కాదు.

ఇంకో సంగతి, అసలు నాటకం మూడు అంకాలూ క్రిస్మస్ ముందురోజు, క్రిస్మస్ రోజు, ఆ మర్నాడు రాత్రి జరుగుతయ్. మీకు భోగి, సంక్రాంతి, కనుమ చేతిలోనే ఉన్నయ్ కదా! భోగి నాడు సాయంత్రం కనిగిరి బస్సు దిగి సంచీతో వచ్చిందనుకోండి మీ క్రిస్టీన్, పొగాకు కంపెనీలో గ్రేడింగ్ లెక్కలు రాసింది, పిల్లలకి ట్యూషన్లు చెప్పింది, ఇప్పుడు ఒంగోల్లో ఏదైనా పని చూసిపెట్టవా అంటుంది. పండక్కి కొత్త చీర కట్టుకున్న నోరా ముందు ఆమె అట్టా నిలబడితే డైలాగు సగం రాయక్కర్లేదు. అప్పు పత్రం మామూలు ప్రామిసరీ నోటు, దాని మీద తండ్రి హామీ సంతకం, మన ప్రేక్షకుల్లో ఆ నోటు తెలియని ఇల్లు ఉండదు. అసలు నాటకంలో క్రోగ్‌స్టాడ్ హెల్మర్‌కి సంగతంతా రాసిన బెదిరింపు ఉత్తరం అద్దం ఉన్న ఉత్తరాల పెట్టెలో పడి, తాళం మొగుడి దగ్గరుండటం అనేది ఇప్పుడు నమ్మరు కాబట్టి మొగుడి ఫోన్‌కి పంపిన వాట్సాప్ మెసేజ్ చెయ్యండి, ఫోను చార్జింగ్‌లో ఉంది, లాక్ నంబరు ఆమెకి తెలీదు. పంపినోడు కావాలంటే డిలీట్ చెయ్యగలడు అన్నది మూడో అంకంలో మీకు చక్కగా పనికొస్తుంది, ఎట్టాగో కింది జవాబులో చూడండి.

ప్రశ్న: మేడం, మేము నెల్లూరులో కొంతమంది ఆడవాళ్ళం నెలకోసారి కలిసి ఒక పుస్తకం చదువుకుంటాం. ఈ నాటకం చదివాక పెద్ద గొడవే అయింది. నోరాని కాపాడే అవకాశం క్రిస్టీన్ చేతిలో ఉండి కూడా ఆమె కాపాడలేదు. ఇది నమ్మకద్రోహం కాదా? మాలో సగంమంది ఆమెని క్షమించనే లేదు. (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: మీరు గొడవ పడ్డారంటే నాటకం బాగా చదివారని అర్థమమ్మా. మూడో అంకం మొదలవ్వగానే పైన డాన్సు పార్టీ జరుగుతుంటుంది, కింద నోరా ఇంట్లో క్రిస్టీన్, క్రోగ్‌స్టాడ్ ఇద్దరే. వీళ్ళిద్దరూ ఒకప్పుడు ప్రేమించుకున్నవాళ్ళు, తల్లినీ తమ్ముళ్ళనీ పోషించాలి కాబట్టి ఆమె ఇతన్ని కాదని డబ్బున్నాయన్ని చేసుకుంది. ఇప్పుడు నాకెవరూ లేరు, నీకూ ఎవరూ లేరు, నీ పిల్లలకి తల్లి కావాలి, కలిసి బతుకుదామా అని ఆమే అడుగుతుంది. అతనికి వెంటనే అనుమానం, నీ స్నేహితురాలి కోసం నన్ను కొనేస్తున్నావా అని. ఇంకొకరి కోసం ఒకసారి తనని తాను అమ్ముకున్న ఆడది రెండోసారి అమ్ముకోదు అనే అర్థంలో జవాబిస్తుంది, నా దృష్టిలో నాటకం మొత్తంలో ఇంత బరువైన మాట ఇంకోటి లేదు. అప్పుడు అతను, సరే ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటా అంటాడు. అక్కడ ఆమె వద్దంటుంది. ఈ ఇంట్లో నేను చూసింది చాలు, ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఈ దాపరికం పోవాలి, హెల్మర్‌కి అంతా తెలియాలి అంటుంది.

నిజానికి మొదట అతన్ని వెతుక్కుంటూ పోయింది ఆ ఉత్తరం వెనక్కి తీయిద్దామనే, ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. ఒక్క రోజులో మనసు మార్చుకుంది. ఎందుకు మార్చుకుందో అర్థం కావాలంటే ఆమె ఆ ఇంట్లో ఏం చేస్తూ ఉందో చూడాలి. నోరా చిరిగిన డాన్సు గౌను కుట్టిపెట్టింది, ఆ కుట్లు వేస్తూనే నోరా ఎంత భయపడుతుందో, ఎన్ని అబద్ధాలాడుతుందో దగ్గర్నుంచి చూసింది. అబద్ధం మీద నిలబడ్డ కాపురం ఎట్టా ఉంటుందో ఆమెకి తన పెళ్ళితోనే తెలుసు.

ద్రోహమా అంటే, ఆ రహస్యం ఆమెది కాదు, దాన్ని బయటపెట్టాలా వద్దా అని నిర్ణయించే హక్కు ఆమెకి లేదు, ఈ మాట మీ సగంమందితో పాటు నేనూ అంటాను. అయినా ఆమె అట్టా చెయ్యకపోతే క్రోగ్‌స్టాడ్ ఉత్తరం మాయమైపోయేది, హెల్మర్ అదే ప్రేమగా పిట్టా, ఉడతా అని పిలుస్తూ ఉండేవాడు, నోరా ఆ ఇంట్లోనే ముసలిదైపోయేది. ఉత్తరం చదివాక అతను ఎంత నీచంగా మాట్లాడాడో, నోటు వెనక్కి రాగానే నేను బతికిపోయా అని ఎట్టా గంతులేశాడో చూశాకే కదా నోరాకి కళ్ళు తెరుచుకుంది. బెదిరింపు ప్రమాదం నిజానికి అప్పటికే తప్పిపోయింది, క్రోగ్‌స్టాడ్ మారిపోయాడు, నోటు తిరిగిచ్చేశాడు. ఇంక నాటకంలో మిగిలింది మొగుడూ పెళ్ళాల సంగతొక్కటే, దాన్ని మిగిల్చింది క్రిస్టీన్. అందుకే ఆమెని దేవతని చెయ్యొద్దు, ద్రోహినీ చెయ్యొద్దు. అదే రాత్రి ఆమె తనకో ఇల్లూ, ఎదురుచూసే మనుషులూ దొరికారని ఆనందంగా బయటికి నడుస్తుంది, కాసేపటికి నోరా ఇల్లే లేకుండా అదే గుమ్మం దాటుతుంది. ఇద్దరి దారులూ ఎదురెదురుగా పోతున్నయ్ అని ఇబ్సెన్ ఎక్కడా చెప్పించడు, గుమ్మం దగ్గర చూపిస్తాడంతే.

(కందుకూరు వాళ్ళకి: మీ నాటికలో అతను ఫోన్ తీసి డిలీట్ చెయ్యమంటావా అని అడగాలి, మెసేజ్ ఇంకా హెల్మర్ చూడలేదు, ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపాలి.)

ప్రశ్న: నాకు పదేళ్ళుగా అన్నీ పక్కింటి పిన్ని వేషాలూ, అత్తగారి చెల్లెలి వేషాలే వస్తున్నయ్. రావడం, కాఫీ ఇవ్వడం, ఒక మాటని పోవడం. చిన్న వేషాన్ని ఎట్టా నిలబెట్టాలి? (ఒక నటి, సింగరాయకొండ)

జవాబు: చేతులతో మొదలుపెట్టండమ్మా. ఆ నాటకంలోనే ఒక చిన్న ముక్క చెప్తా. మూడో అంకంలో హెల్మర్ పార్టీ నుంచి కాస్త తాగి కిందికొస్తాడు, క్రిస్టీన్ తను అల్లుతున్న ఉన్ని చేతికి తీసుకుని వెళ్ళబోతుంటుంది. అతను ఆపి, మీరు ఉన్ని అల్లడం మానేసి గుడ్డ మీద పువ్వులు కుట్టండి, అది చూడ్డానికి బాగుంటుంది, ఉన్ని అల్లుతుంటే మోచేతులు రెండూ దగ్గరికి ముడుచుకుని వికారంగా ఉంటది అని చేతులు అటూ ఇటూ ఊపి మరీ చూపిస్తాడు. ఆమె పెద్దగా ఏమీ అనదు. కథకి ఈ ముక్కతో ఏం పని అనిపిస్తుంది కదా, కానీ అందులోనే హెల్మర్ మొత్తం ఉన్నాడు, ఆడదాని పని ఎంత అవసరమన్నది కాదు, తన కంటికి ఎంత అందంగా ఉందన్నదే అతనికి లెక్క. ఆ ఉన్ని ఆమె చేతిలో లేకపోతే అతని బండారం అంత తేలిగ్గా బయటపడదు. క్రిస్టీన్ వేసే నటి అప్పటిదాకా నిజంగా పని తెలిసిన చేతులతో, ధ్యాసతో అల్లి ఉంటేనే ఆ సీను పండుద్ది, ఏదో పట్టుకోవాలని పట్టుకుంటే పండదు.

మీరు కాఫీ తెచ్చేటప్పుడు ఆ పిన్ని ఇంట్లో పొయ్యి మీద ఏం వదిలేసి వచ్చింది, ఈ ఇంటికి ఎందుకొచ్చింది, ఏం అడుగుదామని వచ్చి అడగలేకపోతుంది అన్నది మీ మనసులో ఖాయం చేసుకోండి. రచయిత రాయకపోతే అడగండి, చెప్పకపోతే మీరే కల్పించుకోండి. డైలాగు ఒక్కటి కూడా పెంచమని అడగక్కర్లేదు.

ప్రశ్న: మా పెద్దలు చివర్లో నోరా వెళ్ళకుండా మార్చమంటన్నారు. మార్చొచ్చా? (అద్దంకి)

జవాబు: ఆ గొడవ ఇబ్సెన్‌కీ తప్పలేదు. 1880లో జర్మనీలో నోరా వేషం వెయ్యాల్సిన హెడ్విగ్ నీమన్ రాబె, పిల్లల్ని వదిలి వెళ్ళే తల్లిగా నేను నటించను అంది. వేరేవాళ్ళు మార్చి పాడుచేస్తారని భయపడి ఆయనే ఇంకో ముగింపు రాసిచ్చాడు, పిల్లల్ని చూసి నోరా ఆగిపోయేట్టు, రాసి కూడా అది నాటకం మీద జరిగిన అనాగరికమైన దాడి అన్నాడు. నా మాట అడిగితే మార్చొద్దు. ఆగిపోయేటట్టయితే క్రిస్టీన్ ఆ ఉత్తరాన్ని ఆపకపోవడానికి అర్థమే లేదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను, కాలేజీ కోసం ఒక కుటుంబ నాటిక రాస్తున్నా. అన్నదమ్ముల ఆస్తి గొడవ. అందులో పెద్దాయన బావమరిది ఉంటాడు, రెండు సీన్లలో వచ్చి అందరికీ సర్దిచెప్తాడు. ఆ పాత్ర అవసరమా అని మా లెక్చరర్ గారు అడిగారు, నాకు జవాబు తోచలేదు. మన తెలుగులో ఇట్టాంటి పాత్రల్ని చూసి నేర్చుకోవాలంటే ఏది చదవాలి? (ఒక విద్యార్థి, ఉదయగిరి)

జవాబు: చదవాలంటే గురజాడ ‘కన్యాశుల్కం’ రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదువు నాయనా. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకీ 1909 కూర్పుకీ చాలా తేడా ఉంది, మధురవాణి రెండో దాంట్లో ఎంత పెరిగిందో, ఆమె పెరిగేకొద్దీ కథ మొత్తం ఎట్టా ఆమె చేతిలోకి పోయిందో గమనించు. ఒక పాత్రకి తన సొంత ఇష్టాలూ లెక్కలూ ఇస్తే ఏమవుద్దో నీకు కళ్ళకి కడుతుంది.

నీ బావమరిది విషయానికొస్తే, సర్దిచెప్పేవాడు అన్నావు చూడు, చిక్కు అక్కడుంది. వాడికి ఈ గొడవలో పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ఆ పెద్దాయన వాటాకొచ్చే మూడెకరాల మీద వాడు అప్పటికే చేబదులు తెచ్చి రొయ్యల చెరువు తవ్వించుకున్నాడనుకో, ఇప్పుడు వాడు సర్దుకోండి బావా అన్న ప్రతిసారీ మనకి వేరేగా వినపడుతుంది. తమ్ముడికి ఆ సంగతి తెలిసిందనుకో, రెండో సీను ఎటు పోవాలో నువ్వు ఆలోచించక్కర్లేదు. ఆ ఒక్క సీను మార్చి రాసి మాకు పంపు, చదివి వచ్చే నెల నీకు వివరంగా రాస్తా.